కోడిగూటికి గోడలెందుకు?

పల్లెల్లోనూ పట్నం శివార్లలోనూ ఈమధ్య కడుతున్న కోడిగూళ్లు చాలావరకు ఒకే అచ్చులో ఉంటున్నాయి. మూడు వైపులా ఇటుక గోడ, ముందు చిన్న తలుపు, పైన సిమెంటు రేకో ఇనుప రేకో, మనిషి నడుము దాటని ఎత్తు. కుక్క జొరబడకూడదు, పిల్లి దూరకూడదు, దొంగ చెయ్యి పెట్టకూడదు అన్న ఆలోచనే ఆ కట్టుబడి అంతటా కనిపిస్తుంది. ఆ జాగ్రత్త అవసరమే. అయితే నల్గొండ, ఖమ్మం, పల్నాడు, అనంతపురం లాంటి చోట్ల మార్చి నుంచి జూన్ దాకా కోడి ప్రాణానికి పిల్లి ఎంత ప్రమాదమో వేడి కూడా అంతే ప్రమాదం. పైగా పిల్లిని ఆపడానికి కట్టిన గోడే వేడిని లోపల బిగించి ఉంచుతుంది. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో పెరట్లో పెంచే కోళ్లు, బాతుల్లాంటి పక్షులు 31.7 కోట్లు. 2012 లెక్కతో పోలిస్తే దాదాపు 46 శాతం పెరిగాయి. ఇన్ని ఇళ్లలో ఇన్ని పక్షులు ఉన్నప్పుడు గూడు ఎలా కట్టాలన్నది చిన్న విషయమేమీ కాదు. వేడి ప్రాంతంలో గూడంటే ముందు కప్పు, తర్వాత గాలి, ఆ తర్వాతే గోడ. ఈ వరసను తలకిందులు చేసి కట్టడం వల్లే ఏటా ఎండాకాలంలో కోళ్లు రాలిపోతున్నాయి.

ముందు కోడి ఒంటి సంగతి తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. దాని ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మనకంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ. చెమట పట్టే గ్రంథులు దానికి లేవు. చుట్టూ గాలి 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే దానికి హాయి. 30 దాటిన దగ్గర్నుంచీ వేడిని బయటికి తోసెయ్యడానికి అవస్థ మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నం మూడు గంటలప్పుడు రేకుల గూట్లో ఉన్న పెట్టను దగ్గరగా చూస్తే ఆ అవస్థ కళ్లకు కడుతుంది. ముక్కు తెరుచుకునే ఉంటుంది. రెక్కలు ఒంటికి ఎడంగా జారవిడిచి, చంకల కింద ఈకలు పలచగా ఉన్నచోట గాలి తగిలేలా నిలబడుతుంది. గొంతు కింది చర్మం అదురుతూ ఉంటుంది. మామూలప్పుడు నిమిషానికి పాతిక ముప్పై సార్లు ఆడే ఊపిరి 150 దాటిపోతుంది. నోటిలోని, ఊపిరితిత్తుల్లోని తడిని ఆవిరి చేసి ఒళ్లు చల్లబరుచుకోవడానికి దానికున్న పెద్ద దారి ఈ ఎగరొప్పడమే. ఎర్రటి జుట్టు, గడ్డం కింద వేలాడే తమ్మెలు కొంత వేడిని వదులుతాయి గానీ, బయటి గాలి ఒంటికంటే చల్లగా ఉన్నంతవరకే ఆ ఉపయోగం.

ఎగరొప్పడం ఊరికే వచ్చే ఉపశమనం కాదు. కండరాలతో చేసే పని కాబట్టి అది కూడా కొంత వేడిని పుట్టిస్తుంది. అంత వేగంగా ఊపిరి తీసి వదలడం వల్ల రక్తంలోని బొగ్గుపులుసు వాయువు అతిగా బయటికి పోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. గుడ్డు పెంకు తయారీకి కావలసిన కార్బొనేటు తగ్గిపోతుంది. ఎండాకాలంలో పెంకు పలచబడి, చేతిలోకి తీసుకోగానే చితికిపోయే గుడ్లు రావడానికి ఒక కారణం ఇదే. మేత సరిగా తినకపోవడం ఇంకో కారణం. ఎంత సున్నం పెట్టినా ఫలితం కనిపించడం లేదని బాధపడేవాళ్లు మేత డబ్బా కంటే ముందు గూటి కప్పు వైపు చూడాలి. ఒంటి లోపలి వేడి 46, 47 డిగ్రీలకు చేరితే కోడి ఇక బతకదు. మామూలు వేడికీ ప్రాణం తీసే వేడికీ మధ్య ఎడం అయిదు డిగ్రీలే.

ఇప్పుడు మూసిన గూటి లెక్క చూద్దాం. రెండు కిలోల కోడి ఊరికే కూర్చున్నా దాని ఒంట్లోంచి సుమారు పది వాట్ల వేడి బయటికి వస్తూనే ఉంటుంది. పది కోళ్లను ఒక గూట్లో పెట్టి తలుపు వేశామంటే, అందులో రాత్రంతా వంద వాట్ల పాతకాలపు బల్బు వెలిగించి ఉంచినట్టే. దానికి తోడు అవి వదిలే ఊపిరిలోని తడి, రెట్టల్లోని తడి. గాలి కదలని చోట ఆ తడి పోగుపడి, ఎగరొప్పినా నోటి తడి ఆవిరి కాని పరిస్థితి వస్తుంది. ఇటుక గోడ, సిమెంటు గచ్చు పగలంతా ఎండను తాగి, సరిగ్గా కోళ్లు గూడు చేరే వేళకు ఆ వేడిని లోపలికి వదలడం మొదలుపెడతాయి. నిజానికి కోడి పగటి వేడిని దించుకునే సమయం రాత్రి. ఆ కాస్త వెసులుబాటు లేకుండా చేస్తే, మర్నాడు ఎండ మొదలయ్యేసరికే అది సగం అలసిపోయి ఉంటుంది. వడదెబ్బతో కోడి మధ్యాహ్నం చనిపోయిందనుకుంటాం. దానికి పునాది చాలాసార్లు ముందటి రాత్రి గూట్లోనే పడి ఉంటుంది.

కోడి పుట్టుక అడవిలోది. దక్షిణాసియా, ఆగ్నేయాసియా అడవుల్లోని ఎర్ర అడవికోడి దాని మూలపురుషుడు. పగలు పొదల నీడన నేల గీరుకుంటూ తిరిగి, చీకటి పడగానే కొమ్మెక్కి పడుకునే పక్షి అది. నేటికీ పల్లెల్లో గూడులేని ఇళ్ల కోళ్లు వేపచెట్టు మీదో చింతకొమ్మ మీదో రాత్రి గడుపుతాయి. చెట్టు కింద పైనుంచి మందంగా నీడ, పక్కలన్నీ ఖాళీ, కాళ్ల కింద గాలి ఆడే కొమ్మ. వేడి ప్రాంతపు గూటికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. పిల్లల కోడి మీద కమ్మే వెదురు గంపను చూసినా అంతే. దాని అల్లికలో కంతలు ఉండబట్టే లోపల గాలి ఆడుతుంది.

కప్పుతో మొదలుపెడదాం, ఎందుకంటే వేడిలో పెద్ద వాటా అక్కడినుంచే దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుప రేకు మే మధ్యాహ్నం 60 డిగ్రీలు దాటడం మామూలే. ఆ రేకు గాలిని వేడెక్కించడమే కాదు, కింద ఉన్న కోడి వీపు మీదికి నేరుగా వేడి కిరణాలు విసురుతుంది. అందుకే పక్కలన్నీ తెరిచి ఉన్నా పొట్టి రేకుల పందిరి కింద కోళ్లు ఉడికిపోతాయి. తాటాకు, బోదగడ్డి, వరిగడ్డి లాంటివాటి మధ్య చిక్కుకున్న గాలి ఆ వేడిని కిందికి రానివ్వదు. గడ్డి కప్పు మీద మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి: నిప్పు, ఎలుకలు, ఏటేటా మార్చే ఖర్చు. మూడూ నిజమే. వాటికి సమాధానంగా రేకునే కప్పుగా ఉంచి దానిపైన జానెడు మందాన తాటాకు గానీ గడ్డి గానీ పరిచి తాళ్లతో బిగిస్తే వాన రేకు ఆపుతుంది, వేడి గడ్డి ఆపుతుంది, ఎలుక లోపలికి దిగలేదు. వానలు మొదలయ్యాక ఆ గడ్డిని తీసి ఎరువు గుంటలో వేసుకోవచ్చు. పొయ్యికీ వంటింటికీ దూరంగా కట్టుకుంటే నిప్పు భయమూ తగ్గుతుంది. గడ్డి దొరకనివాళ్లకు సున్నం ఉంది. తెల్లటి సున్నం పూత ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన చల్లని కప్పుల విధానం వెనక ఉన్న సూత్రం కూడా ఇదే. మనుషుల ఇళ్లకు పనికొచ్చినది కోళ్ల గూటికీ పనికొస్తుంది. కాకపోతే ఒక వాన పడితే సున్నం కొట్టుకుపోతుంది, దుమ్ము పట్టినా పనిచెయ్యదు. ఏటా ఫాల్గుణంలో మళ్లీ వెయ్యాల్సిందే.

కప్పు ఎత్తు విషయంలో పిసినారితనం పనికిరాదు. తగ్గు వైపు ఆరడుగులు, నడి వెన్ను దగ్గర ఎనిమిది అడుగులు ఉంటే వేడిగాలి పైకి చేరడానికి జాగా ఉంటుంది, మనిషి నిలబడి ఊడ్చుకోవచ్చు కూడా. వెన్ను దగ్గర అరడుగు సందు వదిలి, దాని మీద వాన పడకుండా చిన్న టోపీలా ఇంకో రేకు వేస్తే పైకి చేరిన వేడిగాలి అక్కడినుంచి వెళ్లిపోతుంది. పెద్ద పౌల్ట్రీ షెడ్లలో దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతే ఇది. చూరు మూడడుగులు ముందుకు సాగాలి. చాలామంది చూరును దక్షిణం వైపు సాగదీసి ఉత్తరం వైపు కోసేస్తారు, అటునుంచి ఎండ రాదన్న లెక్కతో. మన అక్షాంశాల్లో ఆ లెక్క కుదరదు. తిరుపతిలో ఏప్రిల్ చివరి వారంలో, హైదరాబాదులో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత జూలై చివరి దాకా మధ్యాహ్నపు ఎండ కొద్దిగా ఉత్తరం వైపు నుంచే పడుతుంది. కాబట్టి చూరు రెండు వైపులా సమంగా ఉండాలి. గూటి పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఉదయం, సాయంత్రం వచ్చే ఏటవాలు ఎండకు గూటి పొట్టి వైపులు మాత్రమే దొరుకుతాయి. పొడవు వైపులు ఉత్తర దక్షిణాలకు తిరిగి చూరు నీడలో ఉంటాయి. గూటికి ఎక్కడైనా నిండు గోడ కట్టాలనిపిస్తే ఆ ఒక్క గోడా పడమటి వైపు కట్టుకోవచ్చు. దానికీ బయటివైపు నీడ కావాలి.

మిగతా మూడు వైపులా అడుగు, అడుగున్నర ఎత్తు పిట్టగోడ చాలు. ఆపైన కప్పు దాకా జాలీయే. ఇక్కడే అసలైన అభ్యంతరం వస్తుంది: జాలీ పెడితే ముంగిస రాదా, పాము దూరదా, కుక్క చింపదా? కోళ్ల జాలీ పేరుతో అంగళ్లలో అమ్మే ఆరు పలకల కంతల పలచటి తీగ జాలీని పెడితే ఇవన్నీ జరుగుతాయి. అది కోడిని లోపల ఉంచడానికే గానీ కుక్కను బయట ఉంచడానికి పుట్టింది కాదు. కావలసింది అరంగుళం చదరపు కంతలున్న, తీగలు కలిసేచోట వెల్డింగు చేసిన జాలీ. ముంగిస, పిల్లి, పెద్ద పాము, పందికొక్కు వీటిలో ఏదీ అందులోంచి దూరలేదు. పందికొక్కు నేల కిందినుంచి వస్తుంది కాబట్టి జాలీ అడుగు భాగాన్ని అడుగు లోతున పాతాలి, లేదా గూటి చుట్టూ బయటికి రెండడుగుల మేర నేల మీద పరిచి మట్టి కప్పెయ్యాలి. తలుపుకు పిల్లి కాలితో లాగలేని గడియ ఉండాలి. ఇటుక గోడకయ్యే ఖర్చుతో పోలిస్తే ఈ జాలీ ఖర్చు భయపెట్టేదేమీ కాదు. ఇంకో మాట. గోడ కూడా పూర్తి రక్షణ కాదు. పగలంతా గోడ పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి కోళ్ల రక్తం పీల్చే పిడుదులకు ఇటుక గూడు మంచి ఆశ్రయం. జాలీలో వాటికి దాక్కునే చోటు దాదాపు ఉండదు.

పక్కలన్నీ తెరవాలన్న మాటకు ఒక పరిమితి ఉంది, దాన్ని దాచకూడదు. గాలి చల్లబరిచేది కోడి ఒంటికంటే చల్లగా ఉన్నప్పుడే. రామగుండంలోనో కొత్తగూడెంలోనో 44, 45 డిగ్రీల రోజున వాయవ్యం నుంచి వీచే వడగాలి కోడి ఒంటికంటే వేడిగా ఉంటుంది. ఆ గాలిని నేరుగా గూట్లోకి వదిలితే అది వేడిని తీసుకుపోదు, తెచ్చిపెడుతుంది. అయితే ఆ గాలి బాగా పొడిగా ఉంటుంది. తేమ 20, 30 శాతమే. కాబట్టి గాలి వచ్చే వైపు గోనెపట్టాలో వట్టివేళ్ల తడికలో కట్టి మధ్యాహ్నం పన్నెండు నుంచి అయిదు దాకా తడుపుతూ ఉంటే, వాటిలోంచి వచ్చే గాలి చెప్పుకోదగ్గంత చల్లబడుతుంది. ఎదురు వైపు మాత్రం తెరిచే ఉంచాలి, లేకపోతే లోపల తడి పోగుపడుతుంది. కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు దారి వేరు. అక్కడ ఉష్ణోగ్రత తక్కువైనా గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది. గోనెలు తడిపినా, నీటి తుంపర్లు చల్లినా ఉక్కపోత పెరుగుతుందే తప్ప చల్లదనం రాదు. అక్కడ కోడిని కాపాడేది గాలి వేగం. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి అడ్డు లేకుండా, అవసరమైతే కోళ్ల ఎత్తున ఒక చిన్న ఫ్యాను పెట్టుకోవడం మేలు. సముద్రపు గాలి వెనక్కి తగ్గి పడమటి గాలి తోసుకొచ్చిన రోజుల్లో మాత్రం కోస్తా కూడా తెలంగాణలాగే మండుతుంది. అప్పుడు గోనెలు పనికొస్తాయి. కాబట్టి అన్ని ఊళ్లకూ సరిపోయే ఒకే గూటి పటం ఉండదు. పటంలో మార్చుకునే పరదా ఉండాలి.

ఆ పరదాయే వాన, చలి అభ్యంతరాలకూ జవాబు. గోనెలు కుట్టిన పరదా గానీ పాత ఫ్లెక్సీ గానీ జాలీకి బయట కట్టి, కిందినుంచి పైకి లేపేలా ఏర్పాటు చేసుకుంటే జల్లు వచ్చే వైపు అరగంటలో మూసెయ్యవచ్చు. పైన జానెడు సందు ఎప్పుడూ వదలాలి. రెట్టల ఘాటు, తడి అక్కడినుంచి పోతాయి. ఆదిలాబాదు లాంటి చోట్ల చలికాలం రాత్రి పదికి దిగువన పడుతుందన్నది నిజం. ఎదిగిన కోడికి అది కష్టమేమీ కాదు. ఈకలు దాన్ని కాపాడతాయి. ఒళ్లు తడవకుండా, ఈదురుగాలి నేరుగా తగలకుండా చూస్తే చాలు. మినహాయింపు పిల్లలకే. గుడ్డులోంచి వచ్చిన మొదటి వారం వాటికి 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. తల్లి లేని పిల్లలకు గంప, బల్బు, పరదా ఉన్న వేరే మూల ఉండాలి. పిల్లల అవసరం చూసి పెద్ద కోళ్ల గూటిని మూసెయ్యడం చాలా ఇళ్లలో జరుగుతున్న పని. ఆ రెండింటినీ విడదీస్తే సగం చిక్కు తీరుతుంది.

నాటు కోళ్లకు ఇవన్నీ ఎందుకు, తరతరాలుగా ఎండకు తట్టుకున్నాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. తట్టుకున్నాయి, కాదనలేం. నాటుకోడి ఒళ్లు తేలిక, కాళ్లు పొడవు. మెడ మీద ఈకలు లేని రకాలకు ఒంటిమీదా ఈకలు తక్కువే, వేడి ఇంకా సులువుగా బయటికి పోతుంది. కానీ ఆ ఓర్పులో పెద్ద భాగం స్వేచ్ఛది. ఎండ ముదిరితే అది పొద కిందికో, బావి గట్టుకో, తడి మట్టిలోకో తనంతట తాను వెళుతుంది. అదే కోడిని రేకుల పెట్టెలో పెట్టి తాళం వేస్తే జాతి గుణం ఎంతవరకు కాపాడుతుంది? పైగా నేడు పెరళ్లలో ఉన్నవన్నీ నాటు రకాలే కావు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ లాంటివి ఊరూరా చేరాయి. పెరట్లో బతకడానికే తీర్చిదిద్దిన మంచి రకాలవి. వాటిలో వనరాజా ఒళ్లు బరువు. బరువు పెరిగేకొద్దీ వేడి వదలడం కష్టం. గుడ్ల కోసమే పెంచేవాళ్లు తేలికైన గ్రామప్రియ వైపు మొగ్గడం వేడి ప్రాంతానికి నప్పుతుంది.

గూటి లోపలి కొలతలు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పది కోళ్లకు ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గూడు అయితే ఒక్కోదానికి నాలుగు చదరపు అడుగులు వస్తుంది. చలిదేశపు పుస్తకాలు చూసి ఇరికించవద్దు, అక్కడ ఒకదానికొకటి ఒరుసుకోవడం వెచ్చదనం, ఇక్కడ అది చావు. వాలే కర్రలు రెండంగుళాల మందాన, నేలకు రెండడుగుల ఎత్తున, అన్నీ ఒకే మట్టంలో ఉండాలి. ఒకటి ఎత్తులో పెడితే కోళ్లన్నీ దాని కోసమే పోట్లాడతాయి, కప్పుకు దగ్గరైన ఆ చోటే గూట్లో అన్నింటికంటే వేడి. గుడ్ల పెట్టెలు నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున, పడమటి గోడకు ఆనించకుండా పెట్టాలి. నేల మీద వరి ఊక వేసవిలో రెండంగుళాలు మించనక్కర్లేదు. నీళ్ల విషయంలో మాత్రం ఎంత చెప్పినా తక్కువే. చల్లని రోజున తిన్న మేతకు రెండింతలు నీళ్లు తాగే కోడి, ఎండలో నాలుగింతలు దాటి తాగుతుంది. మిద్దె మీద నల్ల ట్యాంకు నుంచి వచ్చే కాగిన నీళ్లు పోస్తే మాత్రం మూతి పెట్టి వదిలేస్తుంది. నీడలో ఇసుకలో పాతిన మట్టి ముంతలు, రోజుకు మూడుసార్లు మార్చిన నీళ్లు, ఇంతకు మించిన మందు లేదు. మేత అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి తెల్లారుజామునా పొద్దు వాలాకా మేపి, మధ్యాహ్నం మేత తీసెయ్యడం మంచిది.

పట్నాల్లో మిద్దె మీద కోళ్లు పెంచేవాళ్లకు ఒక అదనపు చిక్కు ఉంది. వాళ్ల గూటికి వేడి పైనుంచే కాదు, కింద శ్లాబు నుంచీ వస్తుంది. గూటిని నాలుగు ఇటుకల ఎత్తున కాళ్ల మీద నిలబెట్టి, కింద గాలి పోయేలా ఉంచి, దాని చుట్టూ శ్లాబుకు సున్నం వేస్తే తేడా తెలుస్తుంది. అయినా మేలో మిద్దె మీద పెద్ద కోళ్లను ఉంచడం కంటే ఆ నెల రోజులు నేల మీదికి దించగలిగితే దించడమే నయం.

జాలీ గూటి మీద మిగిలిన చివరి సందేహం బర్డ్ ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఆ వ్యాధి చేసిన నష్టం తర్వాత ఇది అడగవలసిన ప్రశ్నే. అడవి పక్షుల రెట్టల ద్వారా, వాటితో కలిసిన మేత, నీళ్ల ద్వారా వైరస్ రావచ్చు. అరంగుళం జాలీలోంచి పిచ్చుక కూడా దూరలేదు. మూడడుగుల చూరు మీద పడ్డ రెట్ట లోపలికి రాదు. మేత, నీళ్లు గూటి లోపలే పెడితే, వ్యాధి జాడ ఉన్న రోజుల్లో కోళ్లను బయటికి వదలకుండా ఉంచడానికి గాలాడే గూడే వీలైన చోటు. మూసిన గూట్లో పదిహేను రోజులు బంధిస్తే అవి వ్యాధికి ముందే వేడికి చస్తాయి.

గూడు కట్టే పని ఉగాదికి ముందే ముగించాలి, కానీ నీడ పని వాన కాలంలోనే మొదలవ్వాలి. తొలకరికి గూటి పడమటి వైపు నాలుగడుగుల దూరంలో మునగ కొమ్మలు నాటితే మరుసటి ఎండాకాలానికే కప్పు దాటి పెరుగుతాయి. ఆకు కోళ్లకు మేతగా కూడా పనికొస్తుంది. అవిసె కూడా అంతే వేగంగా ఎదుగుతుంది. వేప నిదానం, ఏళ్ల తరబడి నిలిచే నీడ దానిది, కాబట్టి రెండూ కలిపి నాటడం తెలివైన పని. మొదటి వేసవికి చెట్టు అందకపోతే జనవరిలో సొర గింజలు వేసి, తీగను తాళ్ల మీదుగా రేకు పైకి పాకించవచ్చు. ఆకులు ఎండను తామే తీసుకుంటాయి, కింద కాయలూ కాస్తాయి. తీగకు పోసే నీళ్లు గూటి గచ్చు వైపు పారకుండా మొదట్లోనే చిన్న కాలువ తీసుకుంటే ఊక తడవదు.